ఆధారం ఏ పేజీలో ఉందో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ‘మీకు నచ్చిన డిటెక్టివ్ ఎవరు?’ అంటూ కొన్ని వారాలుగా నడుస్తున్న వాదనను వదలకుండా చదువుతున్నాను. హోమ్స్‌ని మించినవాడు లేడని ఒకరు, అగాథా క్రిస్టీ సృష్టించిన పోయిరో ముందు హోమ్స్ ఏపాటి అని ఒకరు, మన తెలుగు నవలల యుగంధర్‌ని మరిచిపోయారేమని ఇంకొకరు రాశారు. బెంగాలీ కథల బ్యోమకేశ్ బక్షిని దూరదర్శన్‌లో చూసినవాళ్ల ఉత్తరాలూ వచ్చాయి. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కరైనా ఫలానా కథలో ఫలానా ఆధారం అని వేలు పెట్టి చూపలేదు. టోపీ, పైపు, మీసాలు, మేధావి, అసాధ్యుడు అన్న మాటలతోనే సరిపెట్టారు. రచయిత తన డిటెక్టివ్‌ని ఎంత పొగిడినా అది లెక్కలోకి రాదు. ఆధారం పాఠకుడి కళ్లముందే ఉండాలి, పాఠకుడు దాన్ని దాటి వెళ్లిపోవాలి, డిటెక్టివ్ ఒక్కడే ఆగాలి. అలా ఆగిన చోటు ఏ పేజీలో ఉందో చెప్పగలిగితేనే వాదనకు అర్థం.

ముందు మూడు పొరపాట్లు దిద్దాలి. ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ అనే వాక్యం హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన 4 నవలల్లోనూ 56 కథల్లోనూ ఎక్కడా లేదు. వంకర పైపు విలియం జిలెట్ అనే నటుడు రంగస్థలం మీద తెచ్చింది. ఆ టోపీ పేరు కూడా డాయిల్ రాయలేదు, చెవులు కప్పే ప్రయాణపు టోపీ అని మాత్రమే అన్నాడు. మనందరికీ గుర్తున్న రూపం స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మలది. రెండోది, షాడోని ఈ జాబితాలో చేర్చడం. మధుబాబు షాడో గూఢచారి. అతని పని శత్రువుని తుదముట్టించడం, నేరస్థుడెవరో తేల్చడం కాదు. ఇష్టం ఎంతైనా ఉండవచ్చు, పోటీ మాత్రం వేరు. మూడోది, బ్యోమకేశ్‌ని డిటెక్టివ్ అనడం. శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన ఆ మనిషికి ఆ మాటే గిట్టదు. తనను సత్యాన్వేషి అనమంటాడు. మనకు అనువాదమే అక్కర్లేని మాట అది, అలాగే వాడుకోవచ్చు.

ఇక ఆధారం ఎలా పెట్టాలో చూపించడానికి ‘సిల్వర్ బ్లేజ్’ అనే హోమ్స్ కథని మించింది నాకు తెలియదు. 1892లో అచ్చయింది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బయళ్లలో ఒక పందెపు గుర్రం మాయమవుతుంది, దాన్ని చూసే శిక్షకుడు చచ్చిపడి ఉంటాడు. కాపలా కుర్రాడికి నల్లమందు పొడి పెట్టి నిద్రపుచ్చారు. ఈ కథ అనగానే అందరూ రాత్రి మొరగని కుక్క గురించే చెబుతారు. నాకు అంతకన్నా గట్టిదనిపించేది కుర్రాడి రాత్రి భోజనం. పనిమనిషి మటన్ కూర తీసుకెళ్తుంది. తాగడానికి ఏమీ తీసుకెళ్లదు, ఎందుకంటే గుర్రపుసాలలో కొళాయి ఉంది, కాపలావాడు నీళ్లు తప్ప మరేదీ తాగకూడదన్నది అక్కడి నియమం. అంటే మందు కలిస్తే కూరలోనే కలవాలి. నల్లమందు పొడికి రుచి ఉంటుంది, మామూలు తిండిలో కలిపితే నాలుకకు తెలిసిపోతుంది. మసాలా ఘాటు ఉంటేనే దాగుతుంది. సరిగ్గా ఆ రాత్రే ఆ ఇంట్లో మసాలా కూర వండించగలిగింది ఎవరు? దారిన పోయే అపరిచితుడికి అది సాధ్యం కాదు. అదే కూర తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదు కాబట్టి, కుర్రాడి వాటా పక్కకు తీశాకే మందు కలిపారు. అనుమానం ఇంటి లోపలికి వచ్చేసింది. పేరు చెప్పను, చదవనివాళ్లు చదువుకోండి.

తెలుగు పాఠకుడు ఈ ఆధారాన్ని ఎందుకు జారవిడుస్తాడో కూడా చెప్పాలి. రాత్రి భోజనంలో మటన్ కూర అంటే మనకు వింత ఏముంది? మన కన్ను ఆ వాక్యం మీద ఆగనే ఆగదు. ఆ కాలపు ఇంగ్లండ్ పల్లెటూళ్లో గుర్రపుసాల కుర్రాడికి మసాలా కూర అంటే ఎవరో పనిగట్టుకుని ఎంచుకున్న వంటకం. అనువాదకుడు దాన్ని ‘మాంసం కూర’ అని తేల్చేసినా, ‘భోజనం’ అని ఒక్క మాటతో ముగించినా సగం కథ పోయినట్టే. ఇంగ్లిష్ మూలంలో ‘కర్రీ’ అనే మాట ప్రత్యేకంగా ఉంది. తెలుగులో ‘మసాలా దట్టించిన మటన్ కూర’ అనైనా రాయాలి.

ఇదే కథలో హోమ్స్ రైలు వేగం చెబుతాడు, గంటకు యాభై మూడున్నర మైళ్లని. తంతిస్తంభాల మధ్య 60 గజాలుంటుందని, లెక్క సులువని అంటాడు. ఉత్తరాలు రాసినవారిలో ఒకరు దీన్ని అసాధ్యమన్నారు. అసాధ్యమేమీ లేదు, లెక్క వేసి చూద్దాం. ఆ వేగానికి 60 గజాలు దాటడానికి పట్టేది సుమారు 2.3 సెకన్లు. స్తంభాల మధ్య ఖాళీని ఎడం అంటే, పది ఎడాలు లెక్కపెడితే 23 సెకన్లు. అందులో ఒక్క సెకను అటూ ఇటూ అయితే జవాబు రెండు మైళ్లకు పైగా తప్పుతుంది. కాబట్టి అర మైలు తేడాతో చెప్పాలంటే కనీసం 50 ఎడాలు, అంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువ, కిటికీలోంచి కన్ను తిప్పకుండా లెక్కపెట్టాలి. ఎక్కువమంది చేసే తప్పు, మొదటి స్తంభాన్ని ఒకటి అనుకోవడం. అది సున్నా. దాన్ని ఒకటి అంటే పది స్తంభాలకు తొమ్మిది ఎడాలే వస్తాయి, లెక్క మొత్తం పెరిగిపోతుంది. మన రైళ్లలో ఈ పద్ధతి పనికిరాదు. విద్యుత్ స్తంభాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటి కాదు, తిన్నని దారిలో 72 మీటర్ల దాకా ఉండి, మలుపుల్లో దగ్గరపడుతుంది. ఇక్కడ కిలోమీటరు రాళ్లు చూసుకోవాలి. రాయికీ రాయికీ మధ్య పట్టిన సెకన్లతో 3600ని భాగిస్తే వేగం వస్తుంది. 42 సెకన్లయితే గంటకు దాదాపు 86 కిలోమీటర్లు, హోమ్స్ కూర్చున్న రైలు వేగం కూడా అంతే.

హోమ్స్ పక్షాన రాసినవాళ్లు ‘స్పెకిల్డ్ బ్యాండ్’ని ఆకాశానికెత్తారు. డాయిల్ కూడా తన కథల్లో దాన్నే మొదట పెట్టుకున్నాడు. నేను ఒప్పుకోలేను. 1892 నాటి కథ గనక ముగింపు చెబుతున్నాను, చదవనివారు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయండి. గది వరకూ ఆధారాలు నిక్కచ్చిగా ఉన్నాయి. నేలకు బిగించేసిన మంచం, ఏ గంటకూ తగిలించని గంటతాడు, బయటి గాలికి కాకుండా పక్కగదిలోకి తెరుచుకునే గాలికన్నం, పిల్లి లేని ఇంట్లో పాల గిన్నె. ఇవన్నీ పాఠకుడి ముందే పెట్టాడు, అందుకు చేతులెత్తి నమస్కారం. పక్కగదిలోంచి గాలికన్నం గుండా పామును వదిలి, ఆ తాడు మీదుగా మంచం మీదికి దింపి చంపడం ఇందులోని పన్నాగం. అసలు చిక్కు ఆ పాముతో వచ్చింది. సన్నని ఈల వేస్తే అది వెనక్కి వస్తుందట. పాముకు బయటి చెవి లేదు, నేల అదురు, లోతైన చప్పుళ్లు తెలుస్తాయి కానీ అంత సన్నని ఈల దాన్ని పిలవలేదు. పాలు దాని ఆహారం కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఈ మాట నచ్చకపోయినా నిజం అదే. దప్పికతో ఉన్న పాము ఏ ద్రవమైనా తాగుతుంది, అంతకు మించి ఏమీ లేదు. ఊగే తాడు పట్టుకుని రోజూ దిగి మళ్లీ ఎక్కడం కూడా నమ్మశక్యం కాదు. కాటు పడిన పది సెకన్లలో మనిషి చనిపోయాడంటాడు హోమ్స్, ఏ పాము కాటుకూ అంత త్వరగా ప్రాణం పోదు. మన కట్లపాము తీరు చూడండి. అర్ధరాత్రి, నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, గాట్లు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. కొన్ని గంటల్లో రెప్పలు వాలి, ఊపిరి అందకుండా పోతుంది. గాట్లు దొరకని చావు అనే చిక్కుముడికి డాయిల్ కల్పించిన పాము కన్నా ఇది ఎంతో సరిగ్గా అతికేది.

ఆ కట్లపామే తెలుగు అనువాదకుడికి గోతిలాంటిది. చనిపోతున్న అమ్మాయి ‘మచ్చల బ్యాండ్’ అంటుంది. ఇంగ్లిష్‌లో బ్యాండ్ అంటే పట్టీ, ముఠా కూడా. తోటలో జిప్సీల ముఠా ఉంది, వాళ్ల తలలకు చుక్కల రుమాళ్లున్నాయి, అందుకే పాఠకుడి అనుమానం అటు పోతుంది. తెలుగులో ఈ రెండు అర్థాలూ మోసే మాట లేదు. ముఠా అంటే పట్టీ పోతుంది, పట్టీ అంటే ముఠా పోతుంది. ‘మచ్చల కట్టు’ అన్నామా, కట్లపాము ఎరిగిన ఏ పల్లెటూరి పాఠకుడైనా రెండో పేజీలోనే జవాబు చెప్పేస్తాడు. బ్యాండ్ అనే మాటనే ఉంచి, రుమాలు, ముఠా రెండింటినీ అక్కడే కథలో కనబడేట్టు చేయడం తప్ప వేరే దారి లేదు.

అనువాదాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన క్రియ ఆడో మగో చెప్పేస్తుంది. ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ అనే హోమ్స్ కథ చివర్లో, ఇంటి గుమ్మం దగ్గర ఎవరో హోమ్స్‌కి శుభరాత్రి చెప్పి వెళ్తారు. మూలంలో డాయిల్ ఎంత జాగ్రత్తగా రాశాడంటే, కాలిబాట మీద చాలామంది ఉన్నారని, ఆ పలకరింపు పొడుగు కోటు వేసుకున్న ఓ సన్నపాటి కుర్రాడి నుంచి వచ్చినట్టు అనిపించిందని అంటాడు. తెలుగులో ‘ఓ కుర్రాడు శుభరాత్రి చెప్పి వెళ్లాడు’ అని రాస్తే రచయిత చేత అబద్ధం చెప్పించినట్టు, ఎందుకంటే ఆ వెళ్లింది నిజంగా కుర్రాడేనా అన్నదే అక్కడి రహస్యం. ‘ఆ మాట ఓ సన్నపాటి కుర్రాడి వైపు నుంచి వచ్చినట్టనిపించింది’ అంటే క్రియ మాటకు పోతుంది, మనిషికి పోదు. రహస్యమూ నిలుస్తుంది, న్యాయమూ నిలుస్తుంది. సాక్షి మాటల్లో ‘ఎవరో వచ్చారు’ అనడం కూడా అలాంటిదే. ఆ గౌరవ బహువచనం ఆడా మగా ఒకరా ఇద్దరా అన్నీ దాచేస్తుంది. తెలుగులో సొంతంగా అపరాధ పరిశోధన రాసేవాళ్లకు ఇంత మంచి పనిముట్టు చేతిలో ఉంది. వరసలు మాత్రం ఎదురు తిరుగుతాయి. ఇంగ్లిష్‌లో కజిన్ అని తప్పించుకోవచ్చు, మనం బావా, అన్నా, తమ్ముడా తేల్చాలి. ఆస్తి కోసం హత్య జరిగిన కథలో ఆ ఒక్క మాటే వారసుడెవరో బయటపెట్టగలదు.

పోయిరో విషయంలో నా ఓటు మొదటి నవలకే. 1920లో వచ్చిన ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో టోర్కీ ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది, ఆ అనుభవం ఇందులో ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఒకావిడకు స్ట్రిక్నిన్ అనే విషం కలిసిన బలం మందు సీసా ఉంది. ఒక్కో మోతాదులో అతి కొద్దిగా ఉంటుంది, ప్రమాదం లేదు. నిద్రకు వాడే బ్రోమైడ్ పొడి ఆ సీసాలో పడితే స్ట్రిక్నిన్ కరగని పలుకులుగా మారి నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. పై మోతాదులన్నీ ఉత్త నీళ్లతో సమానం, చివరి మోతాదులో విషమంతా ఒక్కసారే. సీసా బాగా కదిలించి తాగి ఉంటే ఆ పన్నాగం పారేది కాదు. మందు సీసాల మీద ‘వాడే ముందు బాగా కలపండి’ అని రాసేది ఇలాంటి అడుగు చేరే మందుల కోసమే. పాఠకుడి ముందు క్రిస్టీ ఏం పెట్టింది? మందుల షాపు పేరు లేని ఖాళీ పొడిపెట్టె, ఆ రోజుతో సీసా అయిపోయిందన్న పనిమనిషి మాట. రెండూ బహిరంగంగానే ఉన్నాయి. రసాయనం తెలియని పాఠకుడికి ఇది అన్యాయం కదా అని ఒకరు అడిగారు. కొంతవరకు నిజమే. కానీ సీసా, పెట్టె రెండింటినీ కలిపి అడగాల్సిన ప్రశ్న మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంది.

బ్యోమకేశ్ పక్షం వాళ్లు టీవీని పక్కన పెట్టి 1932 నాటి ‘పథేర్ కాంటా’ చదవాలి. కలకత్తా వీధుల్లో నడుస్తూ నడుస్తూ మనుషులు కూలిపోతుంటారు, గుండెలో గ్రామఫోన్ పిన్ను దొరుకుతుంది. తుపాకీ చప్పుడు ఎవరికీ వినిపించదు. కథ మొదలయ్యేది పత్రికలోని చిన్న ప్రకటనతో. దారిలో ముల్లు తొలగించుకోవాలనుకునేవాళ్లు శనివారం సాయంత్రం ఫలానా మూల దీపస్తంభం పట్టుకుని నిలబడాలని. పత్రికలో అసలు వార్తలు ప్రకటనల్లోనే ఉంటాయని బ్యోమకేశ్ వాదిస్తాడు. పిన్ను ఎలా వచ్చిందో చెప్పను. చదివేటప్పుడు ఒక పని చేయండి. జేబుగడియారానికి పిన్ను తగిలి బతికి బయటపడిన మనిషి చెప్పిన వాంగ్మూలంలో వినబడిన చప్పుళ్లన్నీ ఒక కాగితం మీద రాయండి. జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా గురించి ఒక్క మాట చాలు. అతను కాల్చే సిగరెట్ చార్మినార్, మన హైదరాబాద్‌లో తయారయ్యేది. ఆధారాల పటుత్వంలో బ్యోమకేశ్ తర్వాతే.

యుగంధర్ గురించి రాయడానికి నాకు బాధగా ఉంది, ఎందుకంటే అతన్ని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. మద్రాసు, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, పొట్టి పొట్టి వాక్యాలు, అధ్యాయం చివర ఆగనివ్వని మలుపు. అద్దె పుస్తకాల షాపుల ముందు జనాన్ని నిలబెట్టింది ఆ వేగమే. కానీ ఆ నవలల బలం వేటలో ఉంది, ఆధారంలో తక్కువ. వాటిని పోయిరో తూకంలో పెట్టి ఓడించడం అన్యాయం, గెలిచాయనడం కూడా అంతే. యుగంధర్ అభిమానులు పాఠకుడి ముందే పెట్టిన ఆధారంతో ముడి విడిపోయిన నవల ఒకటి చూపిస్తే నా మాట సంతోషంగా వెనక్కి తీసుకుంటాను.

పరీక్షించే పద్ధతి కష్టమేం కాదు. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: పేజీ, కనిపించింది లేదా వినిపించింది, చెప్పింది ఎవరు. మూడో గడి ముఖ్యం, ఎందుకంటే రచయిత సొంతంగా చెప్పిన మాట అబద్ధం కాకూడదు, పాత్ర చెప్పినది కావచ్చు. డిటెక్టివ్ ‘నాకు తెలిసిపోయింది’ అన్నచోటో, అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టినచోటో పుస్తకం మూసేయండి. మీ అనుమానం రాసిపెట్టి, తర్వాత ముగింపు చదవండి. ముగింపులో డిటెక్టివ్ చెప్పిన ప్రతి కారణానికీ వెనక పేజీ సంఖ్య వెతకండి. సంఖ్య దొరకని కారణాలు రెండు మించితే ఆ కథ ఓడినట్టే. 1929లో ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు రాసిన పది నియమాల్లోనూ ఇదే ఉంది, నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలని, పాఠకుడికి చూపని ఆధారం వాడకూడదని. కవలలను ముందుగా చెప్పకుండా తేకూడదని కూడా అన్నాడు. ద్విపాత్రాభినయం అలవాటైన మన సినిమాలకు ఆ ఒక్క నియమం అందించాల్సింది.

పరీక్ష చెడేది ఎక్కువగా మూడు చోట్ల. సంక్షిప్త అనువాదం చదివితే వర్ణనలు ముందు పోతాయి, ఆధారం దాక్కునేది వర్ణనలోనే. వారపత్రిక సీరియల్ అయితే మూడో వారం నాటి ఆధారం ఇరవయ్యో వారానికి గుర్తుండదు, ‘జరిగిన కథ’ రాసేవాళ్లు అది వదిలేసి ఉంటారు లేదా పట్టి చూపించేసి ఉంటారు. ఇక సినిమా ముందు చూసినవాళ్లు పరీక్షకు పనికిరారు. పేరున్న నటుడు చిన్న వేషంలో కనబడితే అనుమానం అతని మీదికే పోతుంది.

సంపాదకులకు నా విన్నపం. ఇకమీదట వచ్చే ఉత్తరాల్లో కథ పేరు, ఏ భాషలో చదివారో, అనువాదమైతే అనువాదకుడి పేరు, సంక్షిప్తమా పూర్తిదా అన్నది, ఆధారం ఉన్న పేజీ, ఈ వివరాలు తప్పనిసరి చేయండి. నేరస్థుడి పేరు రాయాల్సి వస్తే పదవినోదం జవాబుల్లాగా దాన్ని పేజీ అడుగున తలకిందులుగా అచ్చువేయండి. నా ఓటు ‘సిల్వర్ బ్లేజ్’ హోమ్స్‌కి, మటన్ కూర ఉన్న పేరాకి.

ఇట్లు
ఓ పాఠకుడు
రాజమహేంద్రవరం